‘బెయిల్ అవుట్’ అంటే బయటపడేదెవరు?

ఇంగ్లీషు పత్రికల్లో ‘బెయిల్ అవుట్’ అనే క్రియ కనిపించే చోట్లన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అవన్నీ ఒకే మాట అని నమ్మబుద్ధి కాదు. అరెస్టయిన కొడుకును తండ్రి విడిపించుకొని ఇంటికి తెచ్చుకున్నా అదే క్రియ. పడవలోకి చేరిన నీటిని బెస్తవాడు తోడి బయట పోసినా అదే క్రియ. మండిపోతున్న విమానంలో నుంచి పైలట్ పారాచూట్ కట్టుకొని దూకినా అదే. దివాలాకు దగ్గరపడిన బ్యాంకు కోసం ప్రభుత్వం ఖజానా తెరిచినా అదే. ఇవి చాలవన్నట్టు, ఇద్దరు కలిసి మొదలుపెట్టిన వ్యాపారాన్ని సగంలో వదిలేసి ఒకరు తప్పుకుంటే, ఆ తప్పుకోవడానికి కూడా ఇంగ్లీషువాళ్ళు ఈ మాటనే వాడతారు. ఆదుకోవడానికీ, ఆదుకోవలసిన వేళ వదిలిపోవడానికీ ఒకే క్రియ ఎలా సరిపోతోందన్నది సహజంగా కలిగే సందేహం.

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో బ్యాంకు ఉద్యోగాల కోసం పోటీ పరీక్షలకు చదువుకొనే పిల్లలు ఇలాంటి క్రియలను వందల లెక్కన బట్టీ పడుతుంటారు. వాళ్ళు చదివే జాబితాల్లో ఈ మాటకు ఎదురుగా ‘గట్టెక్కించు’ అనో ‘ఆదుకొను’ అనో ఒక్క అర్థం ఉంటుంది. అది తప్పేమీ కాదు. అయితే ఆ ఒక్క అర్థాన్నే పట్టుకొని పైలట్ వాక్యాన్ని చదివితే, అతడు విమానాన్ని గట్టెక్కించాడని తేలుతుంది; నిజానికి అతడు విమానాన్ని గాలికి వదిలేసి తన ప్రాణం దక్కించుకున్నాడు. నా ఉద్దేశంలో ఈ క్రియను పట్టుకోవడానికి జాబితా కన్నా ఒక ప్రశ్న ఎక్కువగా ఉపకరిస్తుంది. ‘అవుట్’ అన్నారు కదా, బయటకు వెళ్తున్నది ఏది? మనిషా, నీళ్ళా, పడవా, లేక ఆ పని చేస్తున్నవాడేనా? ఈ ప్రశ్న వేసుకుంటూ వెళ్తే అర్థాలు విడివడడమే కాక, మాట చరిత్ర కూడా చాలావరకు తేటపడుతుంది.

క్రియ పక్కన అవుట్, అప్, ఆఫ్ లాంటి చిన్న మాటను చేర్చి కొత్త అర్థం పుట్టించే ఈ పద్ధతిని ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బ్ అంటారు. తెలుగులో ఆ పనిలో ఎక్కువ భాగం క్రియ లోపలే జరిగిపోతుంది. పడడానికీ పడిపోవడానికీ, తీయడానికీ తీసివేయడానికీ ఉన్న తేడా మనకు చెవిలోనే తెలుస్తుంది. విడుచు, విడిపించు, విడిపించుకొను అన్నప్పుడు పని ఎవరు చేశారో, ఎవరి కోసం చేశారో ప్రత్యయమే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో అలాంటి గుర్తు ఏదీ ఉండదు. వాక్యంలో కర్మ ఉన్నదా లేదా, ఉంటే అది ఏది అన్నదాన్ని బట్టి చదివేవాడే పోల్చుకోవాలి. బట్టీ పట్టిన అర్థం మోసం చేసేది ఇక్కడే.

ముందు జైలు సంగతి చూద్దాం. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత అక్కడి న్యాయస్థానాల్లో ఫ్రెంచి భాష నడిచింది. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేసినా, న్యాయవాదుల రాతల్లో ఆ ఫ్రెంచి మరికొన్ని శతాబ్దాలు నిలిచే ఉంది. ‘బెయిల్’ ఆ దారిన వచ్చిన మాట. పాత ఫ్రెంచిలో ‘బాయియే’ అంటే అప్పగించడం, తన అధీనంలో ఉంచుకోవడం. దానికి మూలం లాటిన్‌లోని ‘బాయులారె’, అంటే బరువు మోయడం. ఆ బరువు మోసే మనిషి పేరు ‘బాయులుస్’. మన బియ్యం మిల్లుల్లోనూ మార్కెట్ యార్డుల్లోనూ బస్తాలు ఎత్తి దించే హమాలీ అన్నమాట. బరువు మోయడం నుంచి బాధ్యత మోయడం దాకా అర్థం ఎలా నడిచిందో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ‘సంసార భారమంతా ఆయన మీదే ఉంది’ అనీ, ‘బరువు బాధ్యతలు’ అనీ మనం అనుకుంటూనే ఉంటాం. ఇంకొకరి తరఫున అధికార భారం మోసే ఉద్యోగి అదే మూలం నుంచి ‘బెయిలిఫ్’ అయ్యాడు. కోర్టు ఉత్తర్వు పట్టుకొని జప్తుకు వచ్చే అలాంటి ఉద్యోగిని మన పల్లెల్లో అమీనా అంటారు.

అమీనా అన్న మాటకూ ఇలాంటి చరిత్రే ఉంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు 1801లో ఈస్టిండియా కంపెనీ పాలన కిందికి వచ్చేదాకా ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండేవి. నవాబుల కచేరీల్లో పారసీ నడిచేది. వకీలు, దావా, జప్తు, ఫిర్యాదు, ముద్దాయి, జామీను వంటి మాటలు ఆ కాలపు పాలనతో మన నోళ్ళలో స్థిరపడ్డాయి. ఇంగ్లండు కోర్టులకు ఫ్రెంచి ఏ పని చేసిందో, మన కచేరీలకు పారసీ అదే పని చేసింది. ఒంగోలు వాడైన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) కంపెనీవారి పై కోర్టయిన మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడిగా, దుబాసీగా పనిచేశాడు. పారసీ మాటలు ఇంకా చెల్లుతుండగానే ఇంగ్లీషు మాటలు వచ్చి కూర్చుంటున్న రోజులవి. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాడికి జామీను ఎంత అవసరమో బెయిల్ కూడా అంతే అవసరం. ఇక్కడ గమనించదగినది ఒకటుంది. జామీనుకు మూలమైన అరబీ మాట పూచీ పడిన మనిషిని సూచిస్తుంది, అతడు కట్టిన సొమ్మును కాదు.

ఇంగ్లీషు బెయిల్‌కు కూడా మొదట్లో సొమ్ముతో సంబంధం లేదు. 14వ శతాబ్దిలో దానికి స్వాధీనం, నిర్బంధం అని అర్థం. 15వ శతాబ్ది తొలి దశకాలకు పూచీ మీద దొరికే తాత్కాలిక విడుదల అనే అర్థం వచ్చింది. పూచీగా కట్టే సొమ్ముకు ఆ పేరు రావడం ఆ శతాబ్ది చివరి మాట. నిర్బంధాన్ని సూచించే పదం విడుదలకు పేరు కావడం మొదట వింతగా తోస్తుంది. 18వ శతాబ్ది ఆంగ్ల న్యాయశాస్త్రవేత్త విలియం బ్లాక్‌స్టోన్ ఇచ్చిన వివరణ చదివితే ఆ వింత తీరిపోతుంది. ఆయన చెప్పిన ప్రకారం, బెయిల్ ఇవ్వడమంటే నిందితుణ్ణి వదిలిపెట్టడం కాదు, జామీనుదారులకు అప్పగించడం. జైలుకు వెళ్ళడానికి బదులు అతడు ఆ పూచీదారుల స్నేహపూర్వకమైన నిర్బంధంలో ఉన్నట్టు లెక్క. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షన్ కింద ‘బెయిల్‌మెంట్’ అని ఒకటి ఉంది. మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో ఉంచి మళ్ళీ తెచ్చుకొనే రైతు చేసేది ఆ ఒప్పందమే. అక్కడ అప్పగించేది సరుకు, ఇక్కడ అప్పగించేది మనిషి. మాట ఒకటే.

ఈ అప్పగింత కథ తెలిస్తే, బెయిల్ డబ్బుగా మారిపోయినప్పుడు ఏం జరుగుతుందో కూడా అర్థమవుతుంది. 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మోతీరామ్ కేసులో నిందితుడు ఒక తాపీమేస్త్రీ. మేజిస్ట్రేటు అతణ్ణి రూ.10,000 జామీను తెమ్మన్నాడు. తీరా సోదరుడు పూచీ పడటానికి వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని తిరస్కరించాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ పట్టింపును తప్పుపట్టి, రూ.1,000 సొంత పూచీకత్తు మీద అతణ్ణి విడుదల చేయమన్నారు. జామీనుదారుల కోసం ఊరివాళ్ళనూ బంధువులనూ బతిమాలి, పట్టాదారు పాసుపుస్తకాలు చేతపట్టుకొని కోర్టుకు వచ్చే పేద కుటుంబాలకు ఆ తీర్పు విలువ తెలుసు. ఇంకో విశేషం: మన దేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బెయిలబుల్, నాన్ బెయిలబుల్ నేరాలను గురించి ఎంతో చెప్పినా, అసలు బెయిల్ అంటే ఏమిటో నిర్వచించలేదు. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆ నిర్వచనం ఇచ్చింది. జామీనుదారులు లేని పూచీకత్తును ‘బాండ్’ అనీ, జామీనుదారులున్న దాన్ని ‘బెయిల్ బాండ్’ అనీ అందులో వేరు చేశారు.

ఇంగ్లీషులో విడిపించడం అనే అర్థంతో ఈ క్రియ 1580ల నుంచి కనిపిస్తుంది. ఒకరు మరొకరిని ‘బెయిల్ అవుట్’ చేశారంటే బయటకు వచ్చేది ఆ రెండో మనిషి. పని చేసేవాడు ముందునుంచీ బయటే ఉన్నాడు. కర్మ తప్పనిసరిగా ఉంటుంది, అది మనిషే అయి ఉంటుంది.

ఇక్కడే రెండు అపోహలను తప్పించుకోవాలి. లండన్‌లోని ప్రఖ్యాత క్రిమినల్ కోర్టును ‘ఓల్డ్ బెయిలీ’ అంటారు గనక దానికీ బెయిల్‌కూ చుట్టరికం ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ కోర్టుకు ఆ పేరు అది ఉన్న వీధిని బట్టి వచ్చింది. ఆ వీధికి పాత నగర ప్రాకారాన్ని బట్టి వచ్చింది. కోట గోడకూ దాని లోపలి ఆవరణకూ ‘బెయిలీ’ అని పేరు. అలాగే క్రికెట్ వికెట్ల మీద నిలిపే బెయిల్స్ కూడా ఈ వంశం కావు. అవి అడ్డుకర్ర అనే అర్థమున్న మరో మాట నుంచి వచ్చాయి. ఒకే ధ్వనికి ఇన్ని మాటలు చేరడం ఇంగ్లీషులో కొత్త కాదు.

పడవ దగ్గర వచ్చే బెయిల్ మాత్రం కొంత దూరపు బంధువే. ఫ్రెంచిలో ‘బాయ్’ అంటే బకెట్టు. ఓడవాళ్ళ ద్వారా ఆ మాట 14వ శతాబ్ది నడుమ ఇంగ్లీషుకు చేరింది. ఆ బకెట్టుతో నీళ్ళు తోడిపోయడం అనే క్రియ 1610ల నుంచి కనిపిస్తుంది. ఆ ఫ్రెంచి మాటకు మూలం మధ్యయుగపు లాటిన్‌లో ‘నీళ్ళు మోసేది’ అనే పదబంధమని నిఘంటుకారులు చెబుతారు. అంటే అక్కడా మన హమాలీ బాయులుస్సే ఉన్నాడు. కోర్టు బెయిలూ పడవ బెయిలూ ఇంగ్లీషులోకి వేరువేరు గుమ్మాల నుంచి వచ్చిన రెండు వేరు పదాలు. నిఘంటువుల్లో వాటికి విడివిడి పద్దులే ఉంటాయి. తాత మాత్రం ఒక్కడే. ఒకడు మనిషి భారం మోశాడు, ఒకడు నీటి బరువు మోశాడు.

కొత్తపట్నం, రామాయపట్నం, జువ్వలదిన్నె తీరాల్లో వేటకు వెళ్ళేవారికి ఈ పని గురించి చెప్పడం సాహసమే అవుతుంది. పాతకాలపు తెప్పకు ఈ బాధ లేదు; దుంగలను కలిపి కట్టిన తెప్ప మీదికి వచ్చిన అల దుంగల సందుల నుంచి జారిపోతుంది. పలకల నావకూ ఫైబర్ బోటుకూ అలా కుదరదు. లోపలికి కొట్టిన నీరు లోపలే నిలుస్తుంది. దాన్ని బకెట్టుతోనో, పైభాగం కోసిన డబ్బాతోనో ఎవరో ఒకరు ఆపకుండా తోడి పోస్తూ ఉండాలి. పొలాల్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కాలువ నీటిని గూడతో మడిలోకి ఎత్తిపోసిన తీరుతో దీన్ని పోల్చవచ్చు. తేడా ఏమిటంటే, గూడ వేసేవాడికి ఆ నీరు కావాలి, పడవలో ఉన్నవాడికి ఆ నీరు వదలాలి.

ఈ పడవ అర్థంలోనే క్రియ మలుపు తిరిగింది. ఇంగ్లీషులో నీటిని బెయిల్ అవుట్ చేశారని అనవచ్చు, పడవను బెయిల్ అవుట్ చేశారని కూడా అనవచ్చు. మొదటి వాక్యంలో బయటకు పోయేది నీళ్ళు. అందులో ఏ చిక్కూ లేదు. రెండో వాక్యంలో పడవ ఎక్కడికీ పోదు, సముద్రంలో ఉన్నచోటే ఉంటుంది. అయినా ‘అవుట్’ చెల్లుతోంది. ఇది మనకు అర్థం కానిదేమీ కాదు. ‘బావిలో నీళ్ళు తోడాము’ అంటాము, ‘బావి తోడించాము’ అని కూడా అంటాము. రెండోసారి కర్మ స్థానంలోకి వచ్చింది బావి. తోడి పారబోసింది మాత్రం అందులోని నీటినే. నీళ్ళ స్థానంలోకి పాత్ర వచ్చి కూర్చున్న క్షణాన క్రియ అర్థం ‘పారబోయు’ నుంచి ‘మునగకుండా కాపాడు’ వైపు ఒరిగిందని నా అభిప్రాయం. పడవ బయటపడేది నీటిలో నుంచి కాదు, ఆపదలో నుంచి. అంతవరకు వచ్చాక పడవ స్థానంలో మనిషిని పెట్టడానికీ, సంస్థను పెట్టడానికీ భాషకు ఎంతో కాలం పట్టదు. అప్పటికే జైలు నుంచి మనిషిని విడిపించే బెయిల్ అవుట్ ఒకటి వాడుకలో ఉంది గనక, ఈ రెండు క్రియలూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మరింత తేలికైంది.

విమానం సంగతి దీనికి తలకిందులు. 1922 అక్టోబరు 20న అమెరికాలోని డేటన్‌లో, అదుపు తప్పిన విమానం నుంచి దూకిన హెరాల్డ్ హారిస్ అనే సైనిక పైలట్ ప్రాణాన్ని పారాచూట్ కాపాడింది. అలా బతికి బయటపడినవారి కోసం ‘కాటర్‌పిల్లర్ క్లబ్’ అని ఒకటి ఏర్పడింది. అప్పటి పారాచూట్లు పట్టువి కాబట్టి పట్టుపురుగు పేరు పెట్టుకున్నారు. ఇలా దూకడాన్ని బెయిల్ అవుట్ అనడం ఆ తరువాతి కొద్ది సంవత్సరాల్లోనే వాడుకలోకి వచ్చింది. ఈ వాక్యంలో కర్మ ఉండదు. పైలట్ ఎవరినీ బయటకు తీయడు, దేన్నీ తోడి పోయడు. బయటకు వెళ్ళేది అతడే. జైలు అర్థంలో కాపాడేవాడు ఒకడు, బయటపడేవాడు ఇంకొకడు. ఇక్కడ ఇద్దరూ ఒక్కడే. విడిపించడం కాస్తా తప్పించుకోవడం అయింది.

ఈ విమానపు అర్థానికి మూలం దగ్గర నిఘంటుకారుల్లో ఏకాభిప్రాయం లేదు. మునిగే పడవ నుంచి నీటిని బయటకు విసిరినట్టు తనను తాను విసురుకోవడమని కొందరు అంటారు. బ్రిటిష్ వారు దీన్ని వేరే వర్ణక్రమంతో రాస్తారు. అప్పుడది కట్ట, మూట అనే అర్థమున్న ‘బేల్’ అవుతుంది. విమానం అడుగున ఉన్న తలుపులో నుంచి మూటను జారవిడిచినట్టు మనిషి జారిపడతాడని వారి ఊహ. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి పొగాకు వేలం కేంద్రాల్లో వరుసగా పేర్చి కనిపించే బేళ్ళు ఈ బేల్ నుంచి వచ్చినవే. బ్రిటిష్ రాతలో పడవ నీటికి కూడా ‘బేల్’ వర్ణక్రమమే తరచుగా కనిపిస్తుంది. జైలుకూ బ్యాంకుకూ మాత్రం ‘బెయిల్’. అమెరికాలో అన్నిటికీ ‘బెయిల్’ ఒక్కటే. పరీక్ష రాసేవారికి ఈ తేడా తెలిసి ఉండటం మంచిది. మూట కథ నాకు అంతగా నచ్చదు. అమెరికాలో మొదలైన పనికి బ్రిటిష్ వర్ణక్రమం ఆధారంగా పుట్టుక కథ అల్లినట్టు అనిపిస్తుంది.

బెయిల్ అవుట్‌ను ‘ఇజెక్ట్’తో కూడా కలపకూడదు. యుద్ధవిమానంలో కుర్చీతో సహా పైలట్‌ను యంత్రం పైకి విసిరేస్తే అది ఇజెక్ట్. తనంత తాను తలుపు తీసుకొని దూకితేనే బెయిల్ అవుట్. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదం జరిగిన తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, తన షటిల్ నౌకల్లో సిబ్బంది ఒక వంగిన గొట్టం వెంట జారి పారాచూట్లతో దూకే ఏర్పాటు చేసింది. దానిని వారు బెయిల్ అవుట్ అన్నారు. మన శ్రీహరికోట నుంచి 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం జరిపిన పరీక్షలో, మనుషులు కూర్చోవలసిన మాడ్యూలే మొత్తంగా రాకెట్ నుంచి విడివడి పారాచూట్ల మీద బంగాళాఖాతంలో దిగింది. అందులో దూకడం లేదు, అందుకే దానికి ఈ క్రియ వర్తించదు.

దూకడం అనే ఈ అర్థం నుంచే, ఇచ్చిన మాట నుంచి తప్పుకోవడం, మధ్యలో వదిలి వెళ్ళడం అనే అర్థాలు వచ్చాయి. అమెరికా యువత వాడుకలో ‘అవుట్’ కూడా రాలిపోయింది. సినిమాకు వస్తానని చెప్పి రాని స్నేహితుడు ‘బెయిల్డ్ ఆన్ మి’ అనిపించుకుంటాడు. అక్కడ వినిపించే ‘మి’ని చూసి తనను ఆదుకున్నాడని అనుకుంటే అర్థం పూర్తిగా తిరగబడుతుంది.

ఇక బ్యాంకులు, కంపెనీలు. ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థను ఆదుకోవడం అనే అర్థంలో ఈ మాట అమెరికాలో 1970లలో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. 1971లో విమానాల కంపెనీ లాక్‌హీడ్ దివాలా అంచుకు చేరినప్పుడు ఆ దేశపు ప్రభుత్వం 25 కోట్ల డాలర్ల బ్యాంకు రుణాలకు హామీ ఇచ్చింది. 1979లో కార్ల కంపెనీ క్రైస్లర్ కోసం 150 కోట్ల డాలర్ల రుణాలకు హామీ ఇచ్చేలా చట్టం చేసింది. రెండు సందర్భాల్లోనూ ప్రభుత్వం చేసిన పని పూచీ పడటం. కంపెనీ కట్టకపోతే మేము కడతామని బ్యాంకులకు చెప్పడం. అచ్చంగా జామీను. 2008లో జరిగింది వేరు. ఆ ఏడాది అక్టోబరు 3న 70 వేల కోట్ల డాలర్లను బ్యాంకుల కోసం వెచ్చించడానికి అధికారం ఇస్తూ అమెరికా చట్టం చేసింది. ఆ నిధి నుంచి సొమ్ము నేరుగా బ్యాంకుల మూలధనంలోకి వెళ్ళింది. ఇక్కడ ప్రభుత్వం పూచీ పడిన బంధువులా బయట నిలబడలేదు, మునిగే పడవలోకి దిగి నీళ్ళు తోడింది. ఆ సంవత్సరం మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటు సంస్థ ‘బెయిలవుట్’ను ఆ ఏటి మాటగా ప్రకటించింది. బ్యాంకు అర్థానికి మూలం కోర్టా, పడవా అని వాదించుకొనేవారు ఈ తేడాను గమనించరు. నన్నడిగితే, ఏ చిత్రం సరిపోతుందన్నది ఆ ప్యాకేజీ ఎలాంటిదన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ అర్థంలో బెయిలవుట్ అనే మాటకు ఒక మచ్చ కూడా ఉంది. చేసిన తప్పుకు శిక్ష అనుభవించకుండా ఇతరుల సొమ్ముతో బయటపడ్డారనే నింద అందులో లోలోపల వినిపిస్తుంది. 2025లో నల్ల బర్లీ పొగాకు కొనేవారు లేక రైతులు అల్లాడినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు చేయించింది. దాన్ని తెలుగులో ‘ఆదుకోవడం’ అంటే ఏ అభ్యంతరమూ ఉండదు. ఇంగ్లీషులో బెయిలవుట్ అని రాస్తే మాత్రం, రైతే అతిగా సాగు చేసి తెచ్చుకున్న నష్టాన్ని ప్రజల నెత్తిన రుద్దాడన్న ధ్వని వస్తుంది. అందుకే ఇంగ్లీషు పత్రికలో ఈ మాట ఎదురైనప్పుడు, రాసినవాడు సాయం చేసినవారిని మెచ్చుకుంటున్నాడా, పొందినవారిని దెప్పుతున్నాడా అని ఒకసారి ఆలోచించాలి. ‘ఆదుకొను’లో గాని ‘గట్టెక్కించు’లో గాని ఆ దెప్పు లేదు. తెలుగు పత్రికలు ఆ మాటలు వాడినప్పుడు నింద మాయమై దయ మిగులుతోంది.

చివరికి, దీనికి ఎదురుగా 2010లో ఒక కొత్త మాట బయలుదేరింది. పాల్ కాలెలో, విల్సన్ ఎర్విన్ అనే ఇద్దరు బ్యాంకర్లు, దివాలా తీస్తున్న బ్యాంకును ప్రభుత్వ సొమ్ముతో కాక దానికి అప్పిచ్చినవారి సొమ్ముతోనే నిలబెట్టాలని ప్రతిపాదించి, ఆ పద్ధతిని ‘బెయిల్ ఇన్’ అన్నారు. ‘అవుట్’ తీసి ‘ఇన్’ పెట్టారు, అంతే. కోర్టు నుంచి చూసినా పడవ నుంచి చూసినా ఈ మాటకు అర్థం కుదరదు. లోపలికి ఎవరినీ జామీను మీద పంపరు, పడవలోకి ఎవరూ నీళ్ళు తోడి పోయరు. అయినా మన ప్రశ్న ఇక్కడ కూడా పనిచేస్తుంది. లోపలికి వెళ్ళేది ఎవరు? అప్పటిదాకా ఒడ్డున ఉన్నామనుకున్న అప్పిచ్చినవాళ్ళూ డిపాజిటర్లూ. 2013లో సైప్రస్ దేశంలో ఇది నిజంగా జరిగింది. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలకు మించిన డిపాజిట్లలో, మించిన భాగంలో 47.5 శాతాన్ని బ్యాంకు వాటాలుగా మార్చేశారు.

ఆ మాట మన ఊళ్ళకు 2017 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లుతో (దివాలా తీసే ఆర్థిక సంస్థల పరిష్కారానికీ డిపాజిట్ల బీమాకూ ఉద్దేశించిన బిల్లు) చేరింది. అందులో బెయిల్ ఇన్ నిబంధన ఒకటి ఉండేది. బీమా ఉన్న డిపాజిట్లకు అది వర్తించదని బిల్లులోనే ఉన్నా, అప్పటికి ఆ బీమా పరిమితి లక్ష రూపాయలే కావడంతో, పొగాకు సొమ్మో ధాన్యం సొమ్మో బ్యాంకులో దాచుకున్న వారికి అది ఊరట కాలేదు. వాట్సాప్ సందేశాల్లో బెయిల్ ఇన్ అంటే బ్యాంకు మన డబ్బు మింగేయడమని ప్రచారం సాగింది. 2018 ఏప్రిల్‌లో తెలుగు రాష్ట్రాల్లో ఏటీఎంలు ఖాళీ అయినప్పుడు వినిపించిన కారణాల్లో ఈ భయం కూడా ఒకటి. ప్రభుత్వం ఆ ఆగస్టులో బిల్లును ఉపసంహరించుకుంది. డిపాజిట్ బీమాను 2020 ఫిబ్రవరి 4 నుంచి రూ.5 లక్షలకు పెంచింది. ఇంగ్లీషు వాక్యంలో ఈ క్రియ ఎక్కువగా కర్మణి ప్రయోగంలోనే కనిపిస్తుంది. డిపాజిటర్లు ‘బెయిల్డ్ ఇన్’ అవుతారు. పైలట్ తనంత తానే దూకుతాడు, నిందితుడు తనంత తానే జామీనుదారుణ్ణి వెతుక్కుంటాడు. బెయిల్ ఇన్‌లో మాత్రం లోపలికి వెళ్ళేవాణ్ణి ఎవరూ అడగరు.